ఉచిత డేటా ప్యాకులో జాబితా ఎవరి చేతిలో ఉంటుంది?
నెట్ న్యూట్రాలిటీ, జీరో రేటింగ్ మీద చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ఇక్కడ న్యూస్ సైట్లు నడిపేవాళ్లున్నారు, యాప్‌లు చేసేవాళ్లున్నారు, ఇంజినీరింగ్ విద్యార్థులున్నారు. నెట్ న్యూట్రాలిటీ మీద మాట్లాడమంటే చాలామంది స్వేచ్ఛతో, హక్కులతో మొదలుపెడతారు. ఏ సైటునైనా, ఏ యాప్‌నైనా ఆపరేటరు తేడా చూపకుండా ఒకేలా అందించాలన్నదే ఆ సూత్రం. నేను యంత్రంతో మొదలుపెడతాను. యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిస్తే హక్కు ఎక్కడ జారిపోతుందో మీకే కనిపిస్తుంది.

"మా ప్యాకు వేయించుకోండి, ఫలానా చాట్ యాప్ ఎంత వాడినా డేటా కట్ కాదు." ఇలాంటి ప్యాకునే జీరో రేటింగ్ అంటారు. ఈ మాట నిలబెట్టుకోవాలంటే ఆపరేటరు ఏం చేయాలి?

మీ ఫోన్‌నుంచి వెళ్లే ప్రతి ప్యాకెట్టూ, అంటే ప్రతి డేటా ముక్కా, టవర్ దాటాక ఆపరేటరు కోర్ నెట్‌వర్క్‌లోని గేట్‌వే గుండానే ఇంటర్నెట్‌లోకి పోతుంది. 4జీలో దాన్ని పీ-గేట్‌వే అంటారు, 5జీలో యూపీఎఫ్. మీ బైట్ల లెక్క జరిగేది అక్కడే. మామూలు ప్యాకులో గేట్‌వే చేసేది ఒక్కటే పని: ఎన్ని బైట్లు పోయాయి, ఎన్ని వచ్చాయి అని లెక్కేసి ఛార్జింగ్ సర్వరుకు చెప్పడం. మన ఇంటి కరెంటు మీటరు ఫ్యానుకా ఫ్రిజ్‌కా అని అడగదు, యూనిట్లే చూస్తుంది. ఇదీ అంతే.

ఒక యాప్‌ను మాత్రం లెక్కలోంచి తీసేయాలంటే, ఈ ప్యాకెట్ ఆ యాప్‌దా కాదా అని గేట్‌వే ప్రతిసారీ తేల్చుకోవాలి. దానికి డీప్ ప్యాకెట్ ఇన్‌స్పెక్షన్, అంటే ప్యాకెట్ లోపలికి చూసి అది దేనిదో గుర్తుపట్టడం, కావాలి. ట్రాఫిక్‌ను రకరకాల రేటింగ్ గ్రూపులుగా విడగొట్టి, ఒక గ్రూపుకు సున్నా ధర, మిగతా గ్రూపులకు మామూలు ధర పెడతారు. గుర్తుపట్టే పద్ధతులు ముఖ్యంగా రెండు. రెండింటికీ లోపాలున్నాయి. ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే అసలు కథంతా ఈ లోపాల్లోనే ఉంది.

మొదటిది ఐపీ అడ్రసుల జాబితా. యాప్ కంపెనీ తన సర్వర్ల అడ్రసులు ఇస్తుంది, ఆపరేటరు వాటిని సున్నా గ్రూపులో పెడతాడు. సొంత డేటా సెంటర్లున్న పెద్ద కంపెనీకి ఇది సులువు. చిన్న సైటు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్ (సైట్ల పేజీలను వాడుకరికి దగ్గరి సర్వర్లనుంచి అందించే సేవ) వెనక ఉంటుంది. అక్కడ ఒకే అడ్రసు మీద వేల సైట్లు నడుస్తాయి. ఆ అడ్రసును ఉచితం చేస్తే ఆ వేల సైట్లూ ఉచితమైపోతాయి. ఆపరేటరు ఒప్పుకోడు. అంటే చిన్నవాడు మొదటి మెట్టు మీదే ఆగిపోతాడు.

రెండోది సర్వరు పేరు చూడడం. హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్ మొదలయ్యేటప్పుడు బ్రౌజరు పంపే మొదటి సందేశంలో, ఎస్‌ఎన్‌ఐ అనే చోట, సైటు పేరు గుప్తీకరణ లేకుండా ఉంటుంది. గేట్‌వే దాన్ని చదివి నిర్ణయం తీసుకుంటుంది. దీనికి తంటాలు మూడు. యాప్ కొత్త వెర్షన్‌లో ఫొటోల కోసం కొత్త డొమైన్ చేరిస్తే, ఆపరేటరు జాబితాలోకి అది ఎక్కేదాకా వాడుకరికి డేటా కట్ అవుతూనే ఉంటుంది. రెండోది, ఆ పేరును ఎవరైనా అబద్ధం చెప్పొచ్చు. ఉచిత యాప్ పేరు చూపించి లోపల వేరే ట్రాఫిక్ నడిపే టన్నెల్ యాప్‌లు ప్రపంచమంతా చలామణీలో ఉన్నాయి. ఇక మూడోది, ఆ పేరును కూడా గుప్తీకరించే ఈసీహెచ్ పద్ధతి వచ్చింది. వాడుకరి గోప్యతకు అది మేలు, జీరో రేటింగ్‌కు అది అడ్డు. అందుకే ఉచిత జాబితాలు నడిపే ఆపరేటరుకు గుప్తీకరణ పెరగడం ఇబ్బంది. ఉచితం అన్న మాట వెనకాల మీరు ఎవరితో మాట్లాడుతున్నారో చూసే యంత్రం ఉంటుందన్న సంగతి గుర్తుంచుకోండి.

వాడుకరి వైపునుంచి చూద్దాం. చాట్ యాప్ ఉచితం అన్నారు. మెసేజ్ ఉచితం. అందులో ఒక వార్త లింకు వచ్చింది. లింకు హెడ్డింగూ, చిన్న బొమ్మా కనిపిస్తాయి, అవి ఉచితం. లింకు నొక్కితే బ్రౌజరు తెరుచుకుంటుంది, అది వేరే సర్వరు, డేటా కట్. బ్యాలెన్స్ లేనివాడు లింకు నొక్కడు. హెడ్డింగ్ చదివి ఫార్వర్డ్ చేస్తాడు. బ్రెజిల్‌లో వాట్సాప్‌ను లెక్కలోంచి తీసేసిన ప్యాకులు ఏళ్ల తరబడి మామూలైపోయాయి. అక్కడ తప్పుడు వార్తల గురించి జరిగే ప్రతి చర్చలోనూ ఈ విషయం వస్తుంది: పుకారు ఉచితంగా అందుతుంది, నిజమో కాదో చూసుకోవడానికి డబ్బులు కావాలి.

ఇప్పుడు న్యూస్ సైటు నడిపేవాళ్లు మీ హోమ్ పేజీని ఒకసారి తలచుకోండి. వీడియో యూట్యూబ్‌నుంచి వస్తుంది. ఫాంటు ఇంకో సర్వరునుంచి. ప్రకటనలు మూడో చోటునుంచి. విజిటర్ల లెక్క నాలుగో చోటునుంచి. ఆపరేటరు దయతలచి మీ డొమైన్‌ను ఉచితం చేసినా, పేజీ బరువులో ఎక్కువ భాగం మీ డొమైన్‌నుంచి రావడం లేదు. వాడుకరికి డేటా కట్ అవుతుంది, "ఉచితం అన్నారుగా" అని మిమ్మల్నే తిడతాడు. "ఎవరైనా చేరవచ్చు, రుసుము లేదు" అని చెప్పే పథకాలు కూడా ఆచరణలో అందరివీ కాకపోవడానికి కారణం ఇదే. అమెరికాలో టీ-మొబైల్ 2015 నవంబరులో బింజ్ ఆన్ తెచ్చింది. వీడియోను డేటా లెక్కలోంచి తీసేసి, నాణ్యతను 480పీ స్థాయికి తగ్గించేవారు. చేరడానికి రుసుము లేదన్నారు. కానీ తమ వీడియో ట్రాఫిక్‌ను ఆపరేటరు గుర్తుపట్టగలిగేలా ఉంచాలన్న సాంకేతిక షరతులు పెట్టారు. ఆ షరతులకు తగ్గట్టు సర్వీసును మార్చుకుని, ప్రతి ఆపరేటరుతోనూ విడివిడిగా మాట్లాడుకునే ఇంజినీర్లు పెద్ద కంపెనీల్లో ఉంటారు. ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే సైటులో ఎక్కడుంటారు?

కాబట్టి ధర సున్నానా, రూపాయా అన్నది కాదు నా ప్రశ్న. జాబితా ఎవరు రాస్తారు, అందులోకి ఎవరు ఎలా ఎక్కుతారు, ఎవరిని ఎప్పుడు తీసేస్తారు అన్నదే ప్రశ్న. ధర అందరికీ ఒకటే అయితే జాబితా అవసరమే లేదు.

మన దగ్గర ఈ ప్రశ్న ఎలా తేలిందో చూద్దాం. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్, ఇంటర్నెట్ కాల్స్‌కు విడిగా డబ్బు తీసుకుంటామంది. వ్యతిరేకత రావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. 2015 ఫిబ్రవరి 10న ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇంటర్నెట్ డాట్ ఆర్గ్‌ను భారత్‌లో మొదలుపెట్టింది. మొదలుపెట్టిన చోట్లు తమిళనాడు, మహారాష్ట్ర, గుజరాత్, కేరళ, మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. తెలుగులో కూడా ఇచ్చారు. అంటే ఈ ప్రయోగం జరిగింది మన ఫోన్ల మీదే.

దాని నిర్మాణం గురించి తెలుసుకోవాలి. ఎంపిక చేసిన 30 పైచిలుకు సైట్లు ఉచితం. ఫేస్‌బుక్ ఉంది, యూట్యూబ్ లేదు. ట్రాఫిక్ అంతా ఫేస్‌బుక్ సొంత ప్రాక్సీ సర్వరు (మధ్యవర్తి సర్వరు) గుండా పోతుంది. ఆ ఏడాది మే నెలలో ఇతర సైట్లు చేరడానికి నియమాలు ప్రకటించారు: జావాస్క్రిప్ట్ ఉండకూడదు, ఐఫ్రేములు ఉండకూడదు, వీడియో, ఫ్లాష్, పెద్ద ఫొటోలు ఉండకూడదు. మొదటి నియమాల్లో హెచ్‌టీటీపీఎస్‌ కూడా కుదరదన్నారు. విమర్శలు వచ్చాక దాన్ని మార్చారు. ఇవన్నీ ఒప్పుకుని చేరాలంటే మీ సైటుకు రెండో రూపం తయారుచేసి, దాన్ని విడిగా నిర్వహించాలి. సెప్టెంబరులో పేరు ఫ్రీ బేసిక్స్ అయింది. లోపలి నిర్మాణం అదే.

మధ్యలో రెండు సంగతులు జరిగాయి. 2015 మార్చి 27న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఓటీటీ సేవల (ఇంటర్నెట్ మీద నడిచే చాట్, కాల్, వీడియో యాప్‌ల) మీద ఒక సంప్రదింపు పత్రం, అంటే అందరి అభిప్రాయాలూ అడిగే పత్రం, విడుదల చేసింది. ఏప్రిల్ 6న ఎయిర్‌టెల్ జీరో వచ్చింది. అందులో డేటా ఖర్చును వాడుకరి బదులు యాప్ కంపెనీ పెట్టుకుంటుంది. అందులో చేరాలనుకున్న ఫ్లిప్‌కార్ట్ జనం కోపం చూసి ఏప్రిల్ 14న తప్పుకుంది. ఆ ఏప్రిల్‌లో ట్రాయ్‌కి వెళ్లిన మెయిళ్లు పది లక్షలు దాటాయి. ఇంటర్నెట్ డాట్ ఆర్గ్‌నుంచి ప్రయాణ టికెట్ల సైటు క్లియర్‌ట్రిప్, వార్తా సంస్థ ఎన్‌డీటీవీ బయటికొచ్చాయి.

2015 డిసెంబరు 9న ట్రాయ్ రెండో పత్రం తెచ్చింది. ఈసారి నేరుగా డేటాకు వేరువేరు ధరల మీదే. ఫేస్‌బుక్ తన వాడుకరులతో ఒక్క క్లిక్కుతో పోయే రెడీమేడ్ మెయిళ్లు లక్షల సంఖ్యలో పంపించింది. ఆ మెయిళ్లు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పడం లేదని ట్రాయ్ స్పష్టంగా అంది. ఇది ఇక్కడున్న అందరికీ పనికొచ్చే విషయం: ట్రాయ్ ఓట్లు లెక్కపెట్టదు, ప్రశ్నవారీగా వాదన చూస్తుంది. రేపు మీరు ఏదైనా సంప్రదింపు పత్రానికి జవాబు రాస్తే ప్రశ్న నంబరు వేసి, దాని కిందే సమాధానం రాయండి. తెలిసిన అంకె ఉంటే ఇవ్వండి. రెండు పేజీలు చాలు.

2016 ఫిబ్రవరి 8న నిబంధనలు వచ్చాయి. చిన్న పత్రం. నిజానికి అందరూ చదవగలిగేంత చిన్నది. మూడో నిబంధన సారం: కంటెంట్‌ను బట్టి డేటాకు వేరువేరు ధరలు పెట్టకూడదు, వసూలు చేయకూడదు. కంటెంట్ అంటే సైట్లు, యాప్‌లు, సేవలు అన్నీ. అదే నిబంధనలో ఇంకో వాక్యం ఉంది, తెలివైన వాక్యం: అలాంటి ఫలితం వచ్చే ఏ ఒప్పందమూ, దానికి ఏ పేరు పెట్టినా, ఎవరితోనూ చేసుకోకూడదు. "మేం ఉచితం ఇవ్వడం లేదు, తర్వాత రీఫండ్ ఇస్తాం" అనే దారి కూడా అక్కడ మూసుకుపోయింది. ఉల్లంఘిస్తే రోజుకు 50,000 రూపాయలు, గరిష్ఠంగా 50 లక్షలు. పెద్ద ఆపరేటరుకు 50 లక్షలు పెద్ద మొత్తం కాదు. ఆ పరిమితి ఎక్కువగా ఉండాల్సిందని నా అభిప్రాయం. అయినా నిబంధన పనిచేసింది. ఫిబ్రవరి 11న ఫేస్‌బుక్ భారత్‌లో ఫ్రీ బేసిక్స్ ఆపేసింది.

మినహాయింపులు రెండు. అత్యవసర సేవలకు, లేదా తీవ్రమైన ప్రజా అత్యవసర పరిస్థితుల్లో, ధర తగ్గించవచ్చు. అలా చేస్తే ఏడు పనిదినాల్లో ట్రాయ్‌కి చెప్పాలి. రెండోది క్లోజ్డ్ నెట్‌వర్క్: ఇంటర్నెట్ మీదుగా కాకుండా ఆపరేటరు సొంత నెట్‌వర్క్‌లోపలే తిరిగే డేటా. ఇది కన్నం. ఆపరేటరు తన సినిమా యాప్‌ను సొంత నెట్‌వర్క్‌లో పెట్టుకుని ఇది ఇంటర్నెట్టే కాదనవచ్చు. నిషేధాన్ని తప్పించుకోవడానికి దీన్ని వాడితే నిషేధం దీనికీ వర్తిస్తుందని నిబంధనలోనే రాశారు. కానీ తప్పించుకోవడానికే వాడారని తేల్చాలంటే ఎవరో ఒకరు కొలిచి చూపించాలి.

ధర తేలింది కానీ వేగం సంగతి అప్పటికి తేలలేదు. 2017 నవంబరు 28న ట్రాయ్ సిఫారసులిచ్చింది. 2018లో టెలికాం శాఖ వాటిని ఒప్పుకుని లైసెన్సు షరతుల్లో చేర్చింది. ఏ కంటెంట్‌నైనా ఆపడం, నెమ్మది చేయడం, నాణ్యత తగ్గించడం, కొందరికి ప్రత్యేక వేగం ఇవ్వడం కుదరదు. సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణకూ, స్పెషలైజ్డ్ సేవలకూ (మామూలు ఇంటర్నెట్‌కు బయట, ప్రత్యేక నాణ్యతతో నడిచే సేవలకూ), ప్రభుత్వ, కోర్టు ఆదేశాలకూ మినహాయింపు ఉంది.

ఇక "పేదవాళ్లకు ఉన్న కాస్త ఇంటర్నెట్టూ తీసేశారు" అన్న విమర్శ. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అప్పట్లో నెలకు 1 జీబీ కావాలంటే 200 పైచిలుకు రూపాయలు పెట్టాలి. దానికి సరైన జవాబు జాబితా లేని ఉచితం. బంగ్లాదేశ్‌లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు చేసే మొజిల్లా, అక్కడి మొబైల్ కంపెనీ గ్రామీణ్‌ఫోన్ కలిసి చిన్న ప్రకటన చూసినవాళ్లకు రోజుకు 20 ఎంబీ ఇచ్చాయి. ఆ 20 ఎంబీతో ఏ సైటైనా చూసుకోవచ్చు. మన ట్రాయ్ కూడా 2016 డిసెంబరులో, గ్రామీణ చందాదారులకు నెలకు 100 ఎంబీ సార్వత్రిక సేవా నిధినుంచి (పల్లెల్లో టెలికాం సేవల కోసం పెట్టిన నిధినుంచి) ఇవ్వాలని సిఫారసు చేసింది. ఇంతలో 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది, పోటీలో ధర పడిపోయింది. ఆ చవక డేటాతో ఏం చూడాలో జనమే ఎంచుకున్నారు. తెలుగు యూట్యూబ్ ఛానళ్లు పల్లెల దాకా వెళ్లింది ఆ డేటా మీదే, ఎవరి జాబితా మీదా కాదు.

యూరప్‌కు ఇదే నిర్ణయానికి రావడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది. జర్మనీలో డాయిచె టెలికాం వారి స్ట్రీమ్‌ఆన్, వొడాఫోన్ పాస్ లాంటి ప్యాకులు ఏళ్లపాటు నడిచాయి. 2021 సెప్టెంబరు 2న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, జీరో టారిఫ్ ప్యాకులు సమాన వ్యవహార సూత్రానికే విరుద్ధమని తీర్పిచ్చింది. 2022లో జర్మనీ నియంత్రణ సంస్థ వాటిని ఎత్తేయమంది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ప్యాకు సంగతి. చాలామంది తికమకపడేది ఇక్కడే. రీచార్జితో ఓటీటీ చందా ఉచితంగా వస్తే అది ఉల్లంఘన కాదు. చందా డబ్బు వాళ్లు కట్టారు, సినిమా చూస్తే మీ డేటా మామూలుగానే కట్ అవుతుంది. అర్ధరాత్రినుంచి ఉదయం 6 దాకా డేటా లెక్క లేదంటే అదీ తప్పు కాదు, ఆ సమయంలో ఏ సైటైనా ఒకటే. రోజువారీ కోటా అయిపోయాక 64 కేబీపీఎస్‌కు దింపడం కూడా అంతే. అనుమానించాల్సింది ఒక యాప్ పేరో, ఒక రకం యాప్‌ల పేరో చెప్పి, వాటికే డేటా లెక్క లేదన్నప్పుడు. ఆపరేటర్లు తమ టారిఫ్‌లు ట్రాయ్‌కి సమర్పించాలి. అవి ట్రాయ్ టారిఫ్ పోర్టల్లో ఉంటాయి. ప్రకటన కాదు, అక్కడి షరతులు చదవండి.

కొలవాలనుకుంటే ఇలా చేయండి. వైఫై ఆపండి. యాప్‌ల ఆటో అప్‌డేట్, బ్యాక్‌గ్రౌండ్ డేటా, ఫొటోల బ్యాకప్ ఆపండి. ఇవి ఆపకపోతే మీ లెక్క మొత్తం పోతుంది. బ్యాలెన్స్ స్క్రీన్‌షాట్ తీయండి. అనుమానమున్న యాప్‌లో సైజు తెలిసిన ఫైలు, కనీసం 100 ఎంబీది, దించండి. అరగంట ఆగండి, ఎందుకంటే ఛార్జింగ్ సిస్టం కోటాను ముక్కలుగా కేటాయిస్తుంది, బ్యాలెన్స్ వెంటనే సర్దుకోదు. మళ్లీ స్క్రీన్‌షాట్. తర్వాత వేరే సైటునుంచి అంతే సైజు ఫైలుతో అదే పని. 100 ఎంబీకి 103, 105 చూపిస్తే కంగారు పడొద్దు. ప్రతి 1500 బైట్ల ప్యాకెట్‌లో 40 బైట్లదాకా హెడరుకే (చిరునామా వివరాలకే) పోతుంది. పైగా ఎంబీని ఒకచోట 1000తో, ఇంకోచోట 1024తో లెక్కిస్తే ఆ తేడా ఒక్కటే దాదాపు 5 శాతం. పది శాతం దాటిన తేడానే తేడా.

వేగం కొలవడం కష్టం. స్పీడ్ టెస్ట్ బాగా వచ్చి వీడియో ఆగుతుంటే అది వివక్ష కావచ్చు, ఆ సైటు సర్వరు దూరంగా ఉండి కావచ్చు. ఆపరేటరు నెట్‌వర్క్‌లోనే కాషె సర్వరు (తన ఫైళ్ల నకళ్లు ఉంచే సర్వరు) పెట్టుకున్న సైటు వేగంగా రావడం సహజం, సీడీఎన్‌లను నిబంధనల్లోంచి తప్పించారు కూడా. ఈ గందరగోళం తీర్చడానికి అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు వీహీ (Wehe) అనే యాప్ చేశారు. ఒక యాప్ ట్రాఫిక్‌ను రికార్డు చేసి, అదే సర్వరునుంచి రెండుసార్లు పంపుతుంది: ఒకసారి ఉన్నదున్నట్టు, ఇంకోసారి లోపలి బైట్లు మార్చేసి గుర్తుపట్టకుండా. దారి ఒకటే, సైజు ఒకటే. మొదటిది నెమ్మదిగా, రెండోది వేగంగా వస్తే మధ్యలో ఎవరో చదివి నెమ్మది చేస్తున్నట్టు. ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ ఆర్సెప్ దీన్ని అధికారికంగా వాడుతోంది. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదికి, మూడు వేళల్లోనూ చేయండి. ఒక్కసారి వచ్చిన తేడాను పట్టుకుని ఎవరి మీదా ఆరోపణ చేయకండి.

తేడా నిలకడగా ఉంటే ముందు ఆపరేటరుకు 198లో ఫిర్యాదు. డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తప్పక తీసుకోండి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు. వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. అప్పటికీ కాకపోతే కేంద్ర ప్రభుత్వ ప్రజా ఫిర్యాదుల పోర్టల్లో టెలికాం శాఖకు. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులు పరిష్కరించదు. కానీ టారిఫ్ ఉల్లంఘన వ్యక్తిగత సమస్య కాదు కనుక స్క్రీన్‌షాట్లు, తేదీలు, ప్యాకు పేరు, సర్కిల్ పేరు జోడించి ట్రాయ్‌కి కూడా రాయండి.

ఇప్పుడు వెనకనుంచి వచ్చిన ప్రశ్న: "టెలికాం కంపెనీలు ఓటీటీలనుంచి వాటా అడుగుతున్నాయి కదా, అది న్యాయమేగా?" వాళ్లు చెప్పేది, ట్రాఫిక్‌లో పెద్ద భాగం కొద్ది కంపెనీలదే, నెట్‌వర్క్ ఖర్చు మాది అని. కానీ ఆ డేటాను అడిగి తెప్పించుకుంటోంది వాడుకరి. దానికి డబ్బు కట్టేశాడు. అదే బైట్‌కు రెండోవైపు కూడా వసూలు చేస్తే, కట్టినవాళ్లకొక జాబితా, కట్టనివాళ్లకొక జాబితా మళ్లీ మొదలవుతాయి. దక్షిణ కొరియాలో ట్రాఫిక్ పంపేవాడు డబ్బు కట్టే పద్ధతి ఉంది. అక్కడ నెట్‌వర్క్ రుసుములు మిగతా దేశాలకు పదింతలున్నాయని చెప్పి లైవ్ వీడియో సైటు ట్విచ్ 2024 ఫిబ్రవరిలో ఆ దేశంనుంచే వెళ్లిపోయింది. మన దగ్గర ఆపరేటర్ల సంఘం సీఓఏఐ ఈ వాటా అడుగుతోంది. అందుకే 2023 జులైలో ట్రాయ్ పెట్టిన ఓటీటీ పత్రంలోనూ ఈ చర్చ వచ్చింది.

"చట్టం ఉందిగా, భయమేముంది" అన్నది ఇంకో ప్రశ్న. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలో నెట్ న్యూట్రాలిటీ అని విడిగా సెక్షన్ లేదు. మనకున్న రక్షణ ట్రాయ్ 2016 నిబంధనలు, లైసెన్సుల్లో 2018లో చేరిన షరతులు. అమెరికాలో ఇదే రక్షణ 2015లో వచ్చింది, 2017లో పోయింది, 2024లో తిరిగొచ్చింది, 2025 జనవరి 2న ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. చట్టసభ రాయని నియమానికి ఉండే ఇబ్బంది అదే. మన కొత్త చట్టంలో లైసెన్సుల స్థానంలో ఆథరైజేషన్లు (అనుమతులు) వస్తాయి. వాటి షరతుల మీద ట్రాయ్ 2024 సెప్టెంబరు 18న సిఫారసులిచ్చింది. పాత లైసెన్సునుంచి కొత్త పత్రంలోకి మారేటప్పుడు వివక్ష కూడదన్న ఆ పేరా అలాగే వచ్చిందా, "స్పెషలైజ్డ్ సేవలు" అన్న మినహాయింపు వెడల్పయిందా అన్నది పక్కపక్కన పెట్టి చదవాలి. 5జీలో ఒక్కో సేవకు విడిగా స్లైస్, అంటే నెట్‌వర్క్‌లో ప్రత్యేక వాటా, ఇవ్వడం సాధ్యం కనుక ఆ మినహాయింపు ఎంత వెడల్పుంటే ప్రత్యేక వేగం అమ్ముకోవడానికి అంత చోటు దొరుకుతుంది. ఇంజినీరింగ్ విద్యార్థులు ఎవరైనా ఆ రెండు పత్రాలనూ వాక్యం వాక్యం పోల్చి, తేడాలు తెలుగులో రాసి పెడితే, ఇక్కడున్న సైట్లవాళ్లు వాటిని వేస్తారని నమ్ముతున్నాను.